గుండ్లకమ్మ నది: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై–విజయవాడ హైవే మీద పోయేవాళ్ళకి గుండ్లకమ్మ అంటే ఒంగోలు దాటాక కాసేపు కనిపించే వంతెన. కింద చాలాసార్లు ఇసుక, చిల్లచెట్లు, మధ్యలో సన్నగా ఒక నీటి పాయ. ఈపాటి ఏటికి చెప్పుకోవడానికి ఏముందని అడిగేవాళ్ళున్నారు. అడిగినవాటిలో పదేపదే వచ్చే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాశాను. కొన్నిటికి ఒక్క ముక్క చాలు. కంభం చెరువు లాంటివాటికి చాలదు.

గుండ్లకమ్మ ఎక్కడ పుడుతుంది?

నల్లమల అడవిలో, గుండ్ల బ్రహ్మేశ్వరం దాపున. అక్కడ కొండలు 800–900 మీటర్ల ఎత్తున ఉంటాయి. పుట్టుక ఇదీ అని వేలు పెట్టి చూపించగల ఒకే ఒక్క ఊట అనుకోవద్దు. అడవిలో నాలుగు దిక్కుల నుంచి దిగే సెలయేళ్ళు కలిసి కలిసి ఏరవుతాయి. ఈ అడవిని 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంగా ప్రకటించారు. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యానికి ఆనుకునే ఉంది. చెంచులు తరతరాలుగా బతుకుతున్న అడవి ఇది.

నల్లమల మీద పడ్డ చినుకు ఎటు పోతుందనేది గమ్మత్తుగా ఉంటుంది. పడమటి వాలున పడితే కుందూలో కలిసి పెన్నకి చేరుతుంది. గిద్దలూరు వైపు పడి సగిలేరు పట్టిందంటే దక్షిణంగా పోరుమామిళ్ళ, బద్వేలు మీదుగా అదీ పెన్నలోకే. గుండ్లకమ్మలో పడ్డ చినుకు మాత్రం ఈశాన్యం పట్టి, ఎవరితోనూ కలవకుండా తన దారిన సముద్రానికి పోతుంది. నల్లమలలో పుట్టిన ఏరుల్లో పెద్దది ఇదే.

కృష్ణకి ఉపనదా, పెన్నకి ఉపనదా?

రెండిటికీ కాదు. కృష్ణా పరీవాహకానికీ పెన్నా పరీవాహకానికీ నడుమ ఉన్న జాగాలో నేరుగా బంగాళాఖాతంలో కలిసే చిన్న నదుల్లో ఇదొకటి. మూసీ, పాలేరు, మన్నేరు కూడా ఈ కోవలోవే. అన్నిటిలోకీ పెద్దది గుండ్లకమ్మ.

ఆ మూసీ, హైదరాబాదు మూసీ ఒకటేనా?

కాదు. హైదరాబాదు మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ప్రకాశం జిల్లా మూసీ వేరు, అది సముద్రంలో కలుస్తుంది. పేరు ఒకటే కావడంతో వార్తల్లో ‘మూసీకి వరద’ అని చూసి కొండపి నుంచి హైదరాబాదులో ఉన్న పిల్లలకి ఫోన్లు వెళ్తుంటాయి, అటు నుంచి ఇటూ వస్తుంటాయి.

ఎంత పొడవు? ఏ ఊళ్ళ మీదుగా పోతుంది?

220 కిలోమీటర్లకి పైమాటే. అడవి దిగి కంభం దగ్గర మైదానంలోకి వస్తుంది. వస్తూనే కంభం చెరువులో పడుతుంది. జంపలేరు కూడా ఆ చెరువులోకే వస్తుంది. అక్కణ్ణుంచి తర్లుపాడు, మార్కాపురం ప్రాంతాల మీదుగా ఈశాన్యానికి సాగుతుంది. మార్కాపురం వైపు తీగలేరు వచ్చి కలుస్తుంది. తర్వాత దొనకొండ, కురిచేడు పరిసరాలు దాటి పల్నాడులో వినుకొండ, నూజెండ్ల వైపు వెళ్తుంది. అక్కడ దిశ మార్చి ఆగ్నేయానికి తిరిగి అద్దంకి, మద్దిపాడు మీదుగా ఒంగోలు దగ్గరి తీరంలో కలుస్తుంది. పటం తీసి చూస్తే కంభం నుంచి ఒంగోలుకి నేరుగా రావాల్సిన ఏరు చుట్టు తిరిగి వచ్చిందని తెలుస్తుంది. అలా తిరిగినందుకే పడమటి మెట్టకీ, పల్నాటి అంచుకీ, కోస్తాకీ ఒకే ఏరు దక్కింది.

మద్దిపాడు దగ్గర హైవే దీన్ని దాటుతుంది. రైల్లో వచ్చేవాళ్ళకి కరవది, అమ్మనబ్రోలు స్టేషన్ల మధ్య కనిపిస్తుంది.

ఏ జిల్లా నది అనాలి?

ఈ ప్రశ్నకి జవాబు ఏ సంవత్సరంలో అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1970కి ముందు కంభం, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. అద్దంకి, ఒంగోలు గుంటూరు జిల్లావి. దర్శి, పొదిలి నెల్లూరివి. ఈ మూడు జిల్లాల ముక్కలు కలిపి 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా చేశారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. పంతులుగారు పుట్టిన వినోదరాయునిపాలెం కూడా ఈ ఏటి దిగువ సీమలోదే. వినుకొండ మాత్రం గుంటూరులోనే ఉండిపోయి 2022లో పల్నాడు జిల్లాకి పోయింది. అదే ఏడు అద్దంకిని బాపట్లలో కలిపారు. గీతలు మళ్ళీ మళ్ళీ గీస్తూనే ఉన్నారు. ఏరు మాత్రం పారే చోటే పారుతోంది కనుక ‘కంభం–అద్దంకి–ఒంగోలు ఏరు’ అనుకుంటే ఎప్పటికీ తప్పు పోదు.

ఏడాది పొడుగునా ఎందుకు పారదు?

కారణం వానలోనే ఉంది. నల్లమల, వెలిగొండ కొండలకి తూర్పున ఉన్న ఈ సీమకి నైరుతి వానలు అరకొరగానే అందుతాయి. నేలకి తడి పెట్టేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు వచ్చే వాయుగుండాలు, తుఫానులు. ఏడాదికి రావాల్సిన నీళ్ళలో చాలా భాగం వేళ్ళ మీద లెక్కపెట్టగల రోజుల్లో మీద పడుతుంది. రాళ్ళ నేల, పల్చని మన్ను, మైదానంలో చెట్టు తక్కువ. వాన ఆగిన కొద్ది రోజులకే ప్రవాహం తగ్గిపోతుంది. ఏటొడ్డు ఊళ్ళలో ‘ఏరు పారుతోంది’ అనేకంటే ‘ఏరు వచ్చింది’ అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. చుట్టం వచ్చినట్టే వచ్చి పోతుంది మరి.

అయితే పైకి ఎండిన ఏరు లోపల ఎండినట్టు కాదు. ఇసుక కింద నీరు చాలా కాలం నిలుస్తుంది. బోర్లు, ట్యాంకులు రాకముందు ఎండాకాలంలో ఊరి దాహం తీర్చింది ఏటి చెలమలే. చెలమ తీయడం చూడ్డానికి తేలికే గానీ దానికో ఓపిక ఉంది. ఇసుకని చేత్తో మోచేతి లోతుదాకా తోడతారు. మొదట ఊరిన నీళ్ళు మడ్డిగా ఉంటాయి, వాటిని చిప్పతో ఎత్తి పారబోస్తారు. రెండోసారీ పారబోస్తారు. మూడోసారికి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టగలిగేంత తేటగా ఊరతాయి. అప్పుడు గట్టు కూలకుండా ఒక్కో చిప్పా ముంచి, బిందె మూతికి గుడ్డ కట్టి పోసుకుంటారు. ఈ ప్రాంతంలో, ముఖ్యంగా పడమట, లోతు బోర్ల నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు పళ్ళు గారకట్టినవాళ్ళు, కీళ్ళు పట్టేసినవాళ్ళు కనబడటానికి కారణం ఆ నీళ్ళే. ఏటి ఇసుకలో వడకట్టి ఊరే నీళ్ళ విలువ అక్కడివాళ్ళని అడిగితే చెబుతారు.

గుండ్లకమ్మ చరిత్ర అంతా ఒక రకంగా ఈ ప్రశ్నకి జవాబే. వచ్చిన నాలుగు రోజుల్లో నీళ్ళని ఎవరు పట్టుకోగలిగారు, ఎవరు వదిలేశారు అన్నదే ఇక్కడి కథ.

కంభం చెరువు నిజంగా నది మీదే కట్టారా?

అవును. దాని గొప్పతనమే అది. మామూలుగా చెరువంటే వంకకో వాగుకో అడ్డంగా మట్టికట్ట వేస్తారు. ఇక్కడ ఏకంగా ఏటినే ఆపారు. గుండ్లకమ్మ అడవి దిగి వచ్చేచోట రెండు కొండల మధ్య ఇరుకు గండి ఉంది. ఆ గండిని కట్టతో మూసేశారు. రెండు పక్కలా కొండలే గట్లు కావడంతో కట్ట పొడవు తక్కువ, వెనక నిలిచే నీరు మాత్రం అపారం. 20వ శతాబ్దం మొదట్లో నమోదైన లెక్కల ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు. చెరువులోకి నీరు వచ్చే విస్తీర్ణం 430 చదరపు మైళ్ళు. నేరుగా పారే ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలు. నిండినప్పుడు నీళ్ళు 7 కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటాయి.

ఎవరు కట్టించారు?

శ్రీకృష్ణదేవరాయల రాణి కట్టించిందని వాడుక. ఆమె పేరు వరదరాజమ్మ అంటారు, రుచిదేవి అనీ అంటారు. ఒడిశా గజపతుల ఆడపడుచు అనీ చెబుతారు. దీని వెనక యుద్ధ చరిత్ర ఉంది. రాయలు 1514లో ఉదయగిరి పట్టుకున్నాక ఉత్తరానికి కదిలి అద్దంకి, వినుకొండ కోటలు తీసుకుని 1515లో కొండవీడు గెలిచాడు. అద్దంకి, వినుకొండ రెండూ గుండ్లకమ్మ సీమలోవే. గజపతితో సంధి కుదిరాక అతని కూతుర్ని రాయలకిచ్చి పెళ్ళి చేశారు. ఆమెకి చరిత్రకారులు, కథకులు ఎన్ని పేర్లు పెట్టారో చెప్పలేం: జగన్మోహిని, తుక్కాదేవి, భద్ర. పుట్టింటివాళ్ళ పన్నాగం వల్ల రాయలు ఆమెని దూరం పెట్టాడనీ, ఆమె కంభంలో ఒంటరిగా ఉండిపోయి తన సొత్తుతో ఈ చెరువు కట్టించిందనీ కథ. పన్నాగం సంగతి కథలకే వదిలేద్దాం. రాజుగారు దూరం పెట్టిన మనిషి పేరు చెప్పుకుని ఐదొందల ఏళ్ళుగా వరి పండుతోందంటే, రాయలు గెలిచిన కోటలకంటే ఆ కట్టే ఎక్కువ కాలం పనికొచ్చిందని నా అభిప్రాయం.

ఆ కాలంలో ఇంత కట్ట ఎలా నిలబెట్టారు? ఇంజనీరింగు తెలుసా?

బాగా తెలుసు, దానికి రాతి సాక్ష్యం ఉంది. ఇక్కడికి దక్షిణాన సగిలేటి లోయలో పోరుమామిళ్ళ చెరువు ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి దాని శాసనంలో చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు చెక్కించారు. మంచి రాజు కావాలి, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలి, గట్టి బంకనేల కావాలి, తియ్యటి నీళ్ళున్న ఏరు కావాలి. కొండలు ఆ ఏటిని ఒరుసుకుని ఉండాలి, వాటి మధ్య కట్ట మరీ పొడవు కాకుండా రాతితో బిగువుగా ఉండాలి. దగ్గర్లో రాతి గని, పని తెలిసిన కూలీలు ఉండాలి. కంభం గండిని ఎదురుగా పెట్టుకుని చదివితే ఈ వర్ణన అక్కడే కూర్చుని రాసినట్టుంటుంది. కంభం కట్టకి నూటయాభై ఏళ్ళ ముందే ఈ విద్య ఈ సీమలో ఉందన్నమాట.

దోషాల పట్టీ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మెరక ఉండటం, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు వద్దన్నవాడికి నీటి తగాదాల సంగతి ఎంత తెలుసో చూడండి. ఐదో దోషం, అంటే నీరు తక్కువ ఆయకట్టు ఎక్కువ, ఇవాళ ప్రకాశం జిల్లాలో ఏ ప్రాజెక్టు దగ్గరైనా వినిపించే ఫిర్యాదు.

కంభం చెరువు ఆసియాలోనే పెద్దదంటారు, నిజమా?

‘ఆసియాలో రెండోది’, ‘మూడోది’ అని చెబుతుంటారు. ఆ వరస ఎవరు కట్టారో, మొదటిది ఏదో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ గొప్ప లేకపోయినా దీనికొచ్చే లోటేమీ లేదు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ నుంచి పోరుమామిళ్ళ చెరువుకీ, కేసీ (కర్నూలు–కడప) కాలువకీ ఆ గుర్తింపు వచ్చింది. వానలు లేని ఏడు చెరువులోపల పశువులు మేస్తాయి, నిండిన ఏడు కట్ట మీద జాతర లాగా ఉంటుంది. ఒకే చెరువు ఫొటోలు రెండు రకాలుగా కనిపిస్తే కంగారుపడొద్దు.

గుండ్లకమ్మకి పాత పేరు ఉందా?

శాసనాల్లో, సంస్కృత కావ్యభాషలో బ్రహ్మకుండి.

చందవరం బౌద్ధ క్షేత్రం గురించి ఎందుకు అంతగా చెబుతారు?

దొనకొండ మండలంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు చందవరం. ఊరి దగ్గరి గుట్టని సింగరకొండ అంటారు. (అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి గుడి ఉన్న సింగరకొండ వేరు. వాహనం మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పండి.) 1964లో పురావస్తు శాఖ దృష్టికి వచ్చింది. 1970లలో తవ్వకాలు జరిపితే గుట్ట మీద మహాస్తూపం, చిన్న స్తూపాలు, విహారం, చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. మహాస్తూపాన్ని రెండంతస్తుల వేదిక మీద కట్టారు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తుశకం రెండో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం వెలిగిందని లెక్క. అమరావతి, నాగార్జునకొండ కృష్ణ ఒడ్డున ఉంటే, వాటికి దక్షిణంగా ఎండిపోయే ఈ ఏటి ఒడ్డున కూడా భిక్షువులు స్థిరపడ్డారంటే ఈ దారిన రాకపోకలు బాగా ఉండేవని అర్థం. కోస్తా నుంచి నల్లమల కనుమల వైపు పోయేవాళ్ళకి ఏటి లోయే బాట.

తవ్వకాల తర్వాత కథ మరీ విచిత్రం. ఇక్కడి శిల్పాలు కొన్ని దొంగల పాలయ్యాయి. వాటిలో ఒకటి, బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం, సముద్రాలు దాటి 2005లో కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియాకి చేరింది. డబ్బు పెట్టి కొనుక్కున్నారు. తవ్వకాల నాటి ఫొటోలు ఉండబట్టి అది చందవరానిదేనని తేలింది. 2016లో భారత్‌కి తిరిగిచ్చేశారు. తవ్వినప్పుడు ఎవరో శ్రద్ధగా ఒక ఫొటో తీసి దాచకపోయి ఉంటే ఇవాళ దాని ఊరు పేరు కూడా తెలిసేది కాదు.

దొనకొండ పేరు మీరు ఇంకోచోట కూడా విని ఉంటారు. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. రాష్ట్ర విభజనప్పుడు రాజధాని ఇక్కడే పెడతారని కొంతకాలం గట్టిగా ప్రచారం జరిగింది. భూముల ధరలు పెరిగాయి, రాజధాని మాత్రం కృష్ణ ఒడ్డుకి పోయింది.

అద్దంకి శాసనం ఏమిటి? తెలుగు పాఠంలో చదివినట్టు గుర్తు.

మీకు గుర్తున్నది సరైనదే. తెలుగులో మనకి దొరికిన తొలి పద్యశాసనంగా దీన్నే చెబుతారు. కాలం 848. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించాడు. పద్యం తరువోజ అనే దేశి ఛందస్సులో ఉంది. రాజుకి పట్టం కట్టిన తొలి ఏడే పండరంగడు సామంతుల దండుతో వచ్చి పన్నెండు బోయకొట్టాలు పట్టుకున్నాడనీ, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడనీ, కందుకూరుని బెజవాడ అంతటిదిగా చేశాడనీ అందులో ఉంది. చివర్లో గుడికి భూమి ఇచ్చిన సంగతి.

నన్నయకి రెండు శతాబ్దాల ముందే ఈ ఏటి ఒడ్డున గణబద్ధంగా దేశి ఛందస్సులో పద్యం రాయగలిగినవాడు ఉన్నాడు. భాషాభిమానులు అంతవరకే చెప్పి ఆగిపోతారు. నాకైతే ఆ పద్యంలో ఓడిపోయినవాళ్ళ మీదే కళ్ళు పడతాయి. పన్నెండు బోయకొట్టాలంటే ఈ మెట్ట, అడవి అంచుల్లో ఎవరికీ లొంగకుండా బతికిన బోయల పాలెం సీమలు. వాళ్ళ పక్షాన పద్యం రాసిన రాయి లేదు.

రెడ్డి రాజుల రాజధాని కొండవీడు కదా, అద్దంకి ఎందుకంటారు?

కొండవీడుకి ముందు అద్దంకే. కాకతీయ రాజ్యం 1323లో కూలాక ప్రోలయ వేమారెడ్డి స్వతంత్రించి అద్దంకి కేంద్రంగా పాలించాడు. అతని తర్వాతే కొండవీడు ప్రధానమైంది. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినవాడు ఇతనే. బ్రహ్మకుండి మొదలు కృష్ణ, గోదావరి తీరాల దాకా అగ్రహారాలు ఇచ్చానని చెప్పుకున్నాడు. ఇంటి ముంగిట ఏరు కనుక వరసలో గుండ్లకమ్మకి చోటు దక్కింది.

కవిత్రయంలో మూడోవాడు ఎఱ్ఱన ఇతని ఆస్థానంలోనే ఉన్నాడు. అరణ్యపర్వంలో నన్నయ వదిలిన భాగాన్ని పూర్తిచేసిన కవి. హరివంశం వేమారెడ్డికే అంకితమిచ్చాడు. ఆ కాలపు సంపదకి మూలం ఏటి నీళ్ళొక్కటే కాదు, అద్దంకికి తూర్పున సముద్రపు ఒడ్డున మోటుపల్లి రేవు ఉంది. 1244లో కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకి అభయమిస్తూ అక్కడే శాసనం వేయించాడు. రెడ్డిరాజులు ఆ రేవుని మళ్ళీ నిలబెట్టారు.

ఒంగోలు గిత్తలకీ ఈ నదికీ సంబంధం ఉందా?

ఉంది. ఒంగోలు జాతి పశువుల అసలు నెలవుని పశుశాస్త్ర గ్రంథాలు గుండ్లకమ్మకీ అల్లూరు ఏటికీ మధ్య ఉన్న ఒంగోలు, కందుకూరు తాలూకాలుగా చెబుతాయి, దానికి వినుకొండ వైపునీ కలుపుతారు. నల్లరేగడి, జొన్న చొప్ప, మెట్టసేద్యం ఈ పశువుకి ఒంటిబలం ఇచ్చాయి. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మందలు మందలుగా ఉన్నది ఈ జాతి సంతతే. నెల్లూరు జిల్లా పేరే అక్కడ అలా స్థిరపడింది. 1960ల మొదట్లో ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన ఒక ఆబోతుకి దాని ఊరి పేరే ‘కర్వాది’ అని పెట్టారు. బ్రెజిల్ పశుపోషకులకి ఆ పేరు మహా ప్రసిద్ధం. గుండ్లకమ్మకి కూతవేటు దూరంలో ఉన్న మన కరవదే అది. ఆ రైల్వే స్టేషన్లో ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు.

మల్లవరం రిజర్వాయరు ఎప్పుడు కట్టారు? గేట్లు ఎందుకు కొట్టుకుపోయాయి?

మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర కట్టిన దీని అసలు పేరు కందుల ఓబులరెడ్డి గుండ్లకమ్మ రిజర్వాయరు. 2008లో జాతికి అంకితం చేశారు. నిల్వ 3.859 టీఎంసీలు. 15 గేట్లు. ఆయకట్టు 80 వేల ఎకరాలు. ఒంగోలుకీ చుట్టుపక్కల ఊళ్ళకీ తాగునీరు కూడా ఇందులోంచే.

2022 ఆగస్టు చివర్లో మూడో గేటు విరిగి కొట్టుకుపోయింది. రైతులు కళ్ళప్పగించి చూస్తుండగా పొలాలకి పోవాల్సిన నీళ్ళు సముద్రం పాలయ్యాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానలకి చెరువు నిండిందని సంతోషించేలోగా రెండో గేటు పోయింది. తుప్పు, నిర్వహణ లేకపోవడం కారణాలుగా అందరి నోటా వినిపించాయి. నీళ్ళలో నానుతూ ఉప్పుగాలి తగిలే ఇనుప గేట్లకి ఏటా రంగు, గ్రీజు, రోపులు, రబ్బరు సీళ్ళు చూసుకోవాలి. అది కొత్త ప్రాజెక్టుకి శంకుస్థాపన లాగా ఫొటో పడే పని కాదు.

‘ఐదొందల ఏళ్ళ కంభం కట్ట నిలిచింది, పద్నాలుగేళ్ళ గేటు పోయింది’ అని ఎగతాళి చేస్తుంటారు. పోలిక పూర్తిగా న్యాయం కాదు. కంభానిది మట్టికట్ట, మల్లవరం గేట్లతో వరదని వదిలే బ్యారేజీ లాంటిది. పైగా కంభం కట్ట దానంతట అది నిలవలేదు. తూములు, అలుగు, కట్ట మీద మొలిచే చెట్లు తరతరానా ఎవరో ఒకరు చూసుకుంటూనే వచ్చారు. చూసుకునే మనిషి లేనిచోట మట్టీ నిలవదు, ఇనుమూ నిలవదు.

వెలిగొండ పూర్తయితే గుండ్లకమ్మ కష్టాలు తీరతాయా?

కొంత తీరతాయి, కానీ ఏటికి కాదు, సీమకి. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరదనీటిని నల్లమల కింద 18 కిలోమీటర్ల పైచిలుకు జంట సొరంగాల్లో తెచ్చి, కొండల మధ్య గండ్లు మూసి చేసిన నల్లమల సాగర్లో నింపుతుంది. కేటాయింపు 43.5 టీఎంసీలు. మార్కాపురం, యర్రగొండపాలెం, గిద్దలూరు, కనిగిరి వైపు సాగుకీ తాగడానికీ ఉద్దేశించారు. 1996లో తొలి శంకుస్థాపన జరిగింది. సొరంగాలని 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. కాలువలు, నిర్వాసితుల పరిహారం తర్వాతి సంగతి అయింది. గండి చూసి కట్టతో మూయడం అనే ఉపాయం మాత్రం కంభం చెరువుదే.

ఇసుక తీస్తే నష్టమేంటి? వరదొస్తే మళ్ళీ మేట వేస్తుంది కదా?

ఏటేటా నిండుగా పారే ఏరైతే కొంతవరకు నిజం. గుండ్లకమ్మకి పెద్ద వరద ఎప్పుడో గానీ రాదు, వచ్చేది కూడా పైన కంభంలో, కింద మల్లవరంలో ఆగి ఒండ్రుని అక్కడే వదిలేస్తుంది. చెలమ గురించి పైన చెప్పాను కదా, ఆ నీళ్ళ గిడ్డంగి ఇసుకే. బంకమట్టి తేలేదాకా తవ్వేస్తే నీరు నిలవడానికి చోటుండదు. ఒడ్డున ఉన్న ఊటబావులు, ఫిల్టర్ పాయింట్లు ఎండిపోతాయి. దిగువన ఇంకో ముప్పు ఉంది. ఏటి మట్టం దిగితే సముద్రపు పోటు పైదాకా వస్తుంది, తియ్యటి బావి చప్పన అవుతుంది, తర్వాత ఉప్పన. తీరాన ఇప్పటికే రొయ్యల చెరువుల ఉప్పునీరు తోడుంది.

చూడటానికి ఎప్పుడు వెళ్ళాలి?

నవంబరు నుంచి జనవరి మధ్య. కంభానికి గుంటూరు–నంద్యాల మార్గంలో రైలుంది, స్టేషన్ నుంచి చెరువుకి ఆటోలు దొరుకుతాయి. కట్ట మీదకి పొద్దున్నే వెళ్తే ఎండ తగలదు. చందవరానికి దొనకొండ స్టేషన్లో దిగాలి. తినడానికి, తాగడానికి వెంట తీసుకెళ్ళండి. గుండ్ల బ్రహ్మేశ్వరం అడవిలో ఉంది కనుక అటవీశాఖ అనుమతి తప్పనిసరి. శివరాత్రికి భక్తులు వెళ్తారు. మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి చూసి, పలకల ఊరు కనుక పిల్లలకి ఒక రాతిపలక కొనుక్కోవచ్చు.

తుఫాను రోజుల్లో ఏరు దాటొచ్చా?

చప్టా మీద నీళ్ళు పారుతుంటే దాటొద్దు, మోకాలి లోతే కనబడినా సరే. పైన కొండల్లో పడ్డ వాన ఇక్కడికి కొన్ని గంటల తర్వాత వస్తుంది, అప్పటికి మీ నెత్తిన ఎండ కాస్తూ ఉండొచ్చు. మల్లవరంలో గేట్లు ఎత్తేముందు దిగువ ఊళ్ళలో దండోరా వేస్తారు, ఫోన్లకి మెసేజీలు వస్తాయి. పశువుల్ని లంకలో వదిలి ఉంటే వాటిని ముందు తోలుకు రండి. ట్రాక్టరు ఉంది కదా అని ధైర్యం చేసినవాళ్ళ ట్రాక్టర్లనే మర్నాడు జేసీబీలతో లాగాల్సి వస్తుంటుంది.